జ్ఞానరాజు బావి నీళ్ళు

కర్నూలు,
6-2-1956.

అక్కకు,

తమ్ముడు ప్రకాశం వందనాలు. ఇక్కడ నేను, నీ మరదలు బాగానే ఉన్నాము. నా ఉద్యోగాన్ని నువ్వెప్పుడూ 'సీసాలు కడిగే కొలువు' అని ఎగతాళి చేస్తావు కదా. ఇప్పుడు ఆ సీసాలే మన ఊరికి వస్తున్నాయి, కాస్త మర్యాదగా చూడు.

మా డాక్టరు సేతుమాధవరావు గారు పెద్ద వయసు వాళ్ళకు నడుము, మెడ బిగుసుకుపోయే జబ్బు మీద పరిశోధన చేస్తున్నారు. మన పాలెంలో వాతమంటామే, అది. యాభై దాటితే మా దగ్గర ఎవరూ వంగి చెప్పు తొడుక్కోలేరండీ అని ఒకరోజు సీసాలు కడుగుతూ మాటవరసకు అన్నాను. ఆయన రాస్తున్న పెన్ను కింద పెట్టి, మళ్ళీ చెప్పు అన్నారు. నేను మన నాయన సంగతి, గురమ్మ అవ్వ సంగతి, చనిపోయే ముందు అమ్మ పడిన బాధ అంతా చెప్పాను. అది వాతం కాకపోవచ్చునట అక్కా. కొన్ని బావుల నీళ్ళలో ఫ్లోరైడు అనే పదార్థం ఎక్కువగా ఉంటుందట. నాలుకకు తెలియదు. ఇరవై, ముప్పై ఏళ్ళు తాగితే ఎముకల్లో పేరుకుని కీళ్ళను అతికేస్తుందట. దానికి మందు లేదు. నీళ్ళు మార్చడం ఒక్కటే దారి.

నీళ్ళే కారణమని తేలిన ఊళ్ళలో అయిదింటికి, మంచి జల ఉన్న చోటు వెతికి కొత్త బావి తవ్విస్తారు. ఆ తర్వాత రెండేళ్ళ పాటు అక్కడి ముసలివాళ్ళను చూస్తూ, నీళ్ళు మారితే నొప్పులు తగ్గుతాయా లేదా అని రాసుకుంటారు. పరీక్ష చేసే ఊళ్ళ వరసలో మన బోడిమిట్టపల్లెను పదకొండోదిగా నేనే బతిమాలి రాయించాను.

బావికి ఒక సీసా ఇస్తారు. మీరు రోజూ తాగే బావిలోంచే నింపి ఇవ్వాలి. సీసా మీద చీటీ నా చేతిరాతే: 'జ్ఞానరాజు బావి, బోడిమిట్టపల్లె పాలెం.' నాయనకు చూపించు. తన పేరు కర్నూల్లో పెద్దపెద్ద డాక్టర్ల బల్ల మీద నిలబడుతుందని చెప్పు, సంతోషిస్తాడు.

నీ తమ్ముడు,
ప్రకాశం.


బోడిమిట్టపల్లె,
27-2-1956.

తమ్ముడు ప్రకాశానికి,

విశ్వాసమ్మ ఆశీర్వదించి రాసేది. నీ డాక్టరు వచ్చాడు, చూశాడు, పోయాడు. మూడు రోజులు నా బడి ఆసుపత్రి అయిపోయింది. పిల్లలకు సెలవిచ్చినందుకు వాళ్ళు నీ పేరు చెప్పుకుని గంతులు వేశారు.

యాభై దాటినవాళ్ళు ఇరవై ముగ్గురు తేలారు. గోడకు వీపు ఆనించి నిలబడమన్నారు. చేతులు తల వెనక్కి పెట్టమన్నారు. గడ్డం ఎదకు తాకించమన్నారు. చివరకు నేల మీద ఒక చీపురుపుల్ల వేసి, వంగి తీయమన్నారు. గురమ్మ అవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏమప్పా, ఇల్లు సిమ్మే పని మా కోడలు చేస్తాది, నాకు చెప్తాండావేమి?" అంది. అందరూ నవ్వారు. ఆ పుల్ల మాత్రం ఇరవై ముగ్గురిలో ఇద్దరే తీయగలిగారు.

నాయన మెడ మీద చెయ్యి వేసి, మెల్లగా వంచు పెద్దాయనా అన్నాడు డాక్టరు. నాయన, "వంగదు సామీ. పదేండ్లాయె. ప్రార్థనలో గూడా దేవుని మొగం సూస్తానే మాట్లాడతాండా, ఆయనకు నా సంగతి తెలుసు" అన్నాడు. డాక్టరు రాసుకోవడం ఆపి నాయనను చూశాడు. మంచివాడే.

ఒక్క విషయం నాయనకు గుచ్చుకుంది. ఎండలో దప్పికయి డాక్టరు తన ఫ్లాస్కులోని నీళ్ళే తాగాడు. నాయన కడిగిన చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. "మన నీళ్ళు నోట్లో పోసుకోలా సూడు" అని ఆ పూటంతా అదే మాట. మన నీళ్ళు కాస్త ఉప్పన, పప్పు ఉడకదు, అది నిజమే. కానీ ఆ బావి ఆయన ప్రాణం, నీకు తెలుసు కదా. నువ్వు అమ్మ కడుపులో ఉన్నప్పుడు రెడ్ల బావి దగ్గర, ఎవరైనా చేది పోస్తారేమోనని పొద్దుటి నుంచి నిలబడి నిలబడి అమ్మ పడిపోయింది. ఆ మరుసటి రోజే నాయన గడ్డపార పట్టాడు. రెండు ఎండాకాలాలు ఒక్కడే తవ్వాడు. ఆ నాటి నుంచి రెడ్ల బావి దిక్కు తొక్కలేదు.

రెడ్లకు కూడా సీసా ఇవ్వబోతే, మా నీళ్ళకేం రోగమని తిరగగొట్టారు. మన సీసా మూడు రోజులు మా ఇంట్లో బైబిలు పక్కన ఉంది. నాయన రోజూ దాన్ని తీసి, చీటీ మీద తన పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో నన్ను అడిగి చూసుకున్నాడు. నింపే పని ఎవరికీ ఇవ్వలేదు. చివరి రోజు నేను బడిలో పేర్లు రాయిస్తుంటే తనే నింపి, మూత బిగించి, జీపు దగ్గరకు తెచ్చి ఇచ్చాడు.

కొత్త బావి వస్తే నీకు కోడిని కోసి పెడతాను. రాకపోతే సీసాలు కడిగేవాడివే.

అక్క,
విశ్వాసమ్మ.


కర్నూలు,
28-4-1956.

అక్కకు,

నాకేమీ పాలుపోవడం లేదు. ఈ ఉత్తరం చూడగానే జవాబు రాయి.

మార్చిలో నాయనను జీపులో తెచ్చి తీయించిన ఎక్స్‌రే చూశాను. ఎముకలన్నీ సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉన్నాయి. వెన్నుపూసలు విడివిడిగా కనపడనే లేదు. ఇంత స్పష్టమైన ఎక్స్‌రే తన దగ్గర ఇంకొకటి లేదని డాక్టరు గారు అన్నారు. ఆయన సంతోషంగానే అన్నారు. అవి మన నాయన ఎముకలని తెలిసి కూడా నేను లోలోపల సంబరపడ్డాను. ఇక కొత్త బావి వచ్చినట్టే అనుకున్నాను.

నిన్న నీళ్ళ ఫలితం వచ్చింది. పదిలక్షల పాళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు ఒక పాలు దాటకూడదట. మన సీసాలో అర పాలు కూడా లేదు. శుద్ధమైన నీళ్ళు. ఎముకలు ఒకటి చెబుతున్నాయి, నీళ్ళు ఇంకొకటి చెబుతున్నాయి అని డాక్టరు గారు తల పట్టుకున్నారు. ఈ సీసా ఆ బావిదేనా అని నన్ను అడిగారు. మా నాయన అబద్ధమాడడండీ అన్నాను.

అయిదు ఊళ్ళ పేర్లు మే నెలాఖరుకు పంపేస్తారు. నాయనను అడిగి రాయి. సీసా ఎక్కడ నింపాడు?

ప్రకాశం.


బోడిమిట్టపల్లె,
9-5-1956.

తమ్ముడికి,

అడిగాను. నాయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. "సీసా యాడ పట్టినావు నాయనా?" అన్నాను. "మన బావిలోనే. ఇంగ యాడుండాయి మనకు నీళ్ళు?" అన్నాడు. మెడ తిప్పలేడు కాబట్టి ఎప్పటిలాగే ఎదుటి గోడను చూస్తూ చెప్పాడు. ఎండకు ఒళ్ళు మండుతోంది, ఇంకేమీ అడగకుండా వంటలో పడ్డాను.

కాబట్టి ఇది మన బావి నీళ్ళే. నేను, బడిపంతులమ్మ విశ్వాసమ్మను, నా సాక్ష్యంగా రాస్తున్నాను, మీ డాక్టరుకు ఈ ఉత్తరమే చూపించు. మన నీళ్ళు శుద్ధమని తేలితే నాకు కోపమెందుకు రావాలో కూడా తెలియడం లేదు. మరి ఈ ముసలివాళ్ళకు ఏమయిందట? ఇరవై ముగ్గురూ కలిసి నాటకమాడారా? మీ యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసుకోమను. నమ్మకం లేకపోతే ఇంకో సీసా పంపించు.

బావి అడుగంటింది. చెంబుతో తోడుకుని, మళ్ళీ ఊరేదాకా కూర్చుంటున్నాము. గురమ్మ అవ్వ మంచం పట్టింది. అటు నుంచి ఇటు తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి, కొయ్యను దొర్లించినట్టు దొర్లిస్తున్నాము. మొన్న, "ఆ పుల్ల తీసింటే నాకు నయమయ్యేదేమో గదా పంతులమ్మా" అంది. ఆమె ఇప్పుడు నవ్వడం లేదు.

అక్క.


కర్నూలు,
17-7-1956.

అక్కకు,

రాయబుద్ధి కాక ఇన్నాళ్ళు ఆగాను. అయిదు ఊళ్ళు ఖాయమయ్యాయి. మనది లేదు.

ఇంకో సీసా పరీక్ష చేయమని అడిగాను అక్కా, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మీ అక్క చదువుకున్న మనిషి, రాతపూర్వకంగా చెప్పింది కదా, ఇక అనుమానమెందుకన్నారు. వాళ్ళు అన్నది తప్పు కాదు. నాయన ఎక్స్‌రేను 'కారణం తెలియని కేసు' అని వేరే కట్టలో పెట్టారు. ఆ కట్ట మీద చీటీ కూడా నా చేతే అంటించారు.

నొప్పికి తైలం పంపుతున్నాను. పని చేస్తుందని నేను చెప్పలేను, వాసన మాత్రం బాగుంటుంది.

ప్రకాశం.


బోడిమిట్టపల్లె,
23-9-1956.

తమ్ముడు ప్రకాశానికి,

ఈ ఉత్తరం నెల రోజుల కిందటే రాయాల్సింది. రాయలేక దాచుకున్నాను. తిట్టదలచుకుంటే తిట్టు.

ఆగస్టులో కోయిలకుంట్లలో బస్సు కోసం నిలబడి ఉంటే రెడ్ల ఇంటి పెద్దావిడ వెంకటలక్ష్మమ్మ కనపడింది. ఆవిడే పలకరించింది. "మీ నాయనకు ముసిలితనమొచ్చినా పొగరు దిగలేదే విశ్వాసమ్మా" అంది. ఏమైందమ్మా అన్నాను. "ముప్పై ఏండ్లకు మా బాయి కాడికొచ్చె. ఆ జీపోళ్ళు వచ్చినారే, అప్పుడు. సేతిలో సీసా బట్టుకోని నిలబడినాడు. పొయ్యమని అడిగేటోడు కాస్త తలకాయ దించకూడదా? మొగంలో మొగం బెట్టి సూస్తా నిలబడె. ఏదో పెద్దమనిసని నేనే చేది పోస్తిని" అంది.

బస్సు వచ్చి పోయింది, నేను ఎక్కలేదు.

ఇంటికి వచ్చి ఏమీ అడగలేదు. వారం తర్వాత గంజి పోస్తూ, "నాయనా, సీసా నీళ్ళు రెడ్ల బావివా?" అన్నాను. గంజి గిన్నె మంచం మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు. "ఆ డాక్టరు మన నీళ్ళు నోట్లో పోసుకోలా. అబ్బి పనిచేసే తావుకు నా పేరు రాసుకోని పోయే సీసా. అందులో ఉప్పునీళ్ళు పోసి పంపిస్తే, మీ నాయన బాయి ఇదా అని వాళ్ళు మనోణ్ణి ఎగతాళి చెయ్యరా? ఇంటికొచ్చినోళ్ళకు మంచియే గదమ్మా ఇచ్చేది" అన్నాడు.

మొత్తం ఇదే ప్రకాశం. ఇంటికి వచ్చినవాళ్ళకు అరువు తెచ్చిన సన్నబియ్యం వండి పెట్టినట్టు, అరువు తెచ్చిన నీళ్ళు ఇచ్చాడు. నీ పరువు కోసం ముప్పై ఏళ్ళ పంతం వదులుకుని ఆ బావి దగ్గర నిలబడ్డాడు. నేనేమో గోడను చూసి చెప్పిన మాటకు సాక్ష్యం రాసి పంపాను. ఆయనను తిట్టలేను. నన్ను నేను తిట్టుకుంటే ఎవరికి లాభం? ఆ సీసా వల్ల కొత్త బావి పోయిందని ఆయనకు ఇంకా తెలియదు. ఫలితం ఇంకా రాలేదనే చెబుతున్నాను.

కోయిలకుంట్ల పాదిరిగారు కర్నూలు వస్తున్నారు. ఆయన చేతికి ఒక సీసా ఇచ్చాను. ఈసారి నేనే మన బావిలో దిగి ముంచాను, నేనే లక్కతో మూత అంటించాను. ఏం చేస్తావో చెయ్యి.

అక్క.


కర్నూలు,
14-10-1956.

అక్కకు,

సీసా అందింది. నిన్ను తిట్టను. బల్ల మీద నీ పేరు నిలబడుతుందని నాయనకు చెప్పమని రాసింది నేనే. ఆ ముక్క రాయకపోతే ఆయన సీసా సంగతి అంత పట్టించుకునేవాడు కాదు. అది తలచుకుంటే అన్నం సహించడం లేదు.

డాక్టరు సేతుమాధవరావు గారికి ఆగస్టులోనే ఢిల్లీకి బదిలీ అయింది. ఆయన కుర్చీలోకి ఇంకా ఎవరూ రాలేదు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రాజధాని హైదరాబాదు కదా, ఊరంతా సర్దుడే. కాగితాలన్నీ చెక్కపెట్టెల్లో పెట్టి మేకులు కొడుతున్నారు, లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మన ఊరి కట్ట ఏ పెట్టెలోకి పోయిందో అడిగితే, నీకేం పని పో అన్నారు.

నీళ్ళు పరీక్ష చేసే దావీదురాజు మన చర్చి సంఘంవాడే. సామాను సర్దే ముందు, దొంగతనంగా చేసినట్టు, మన సీసా పరీక్ష చేసి పెట్టాడు. ఒక పాలు దాటకూడదన్నాను కదా. మన బావిలో ఏడు పాళ్ళున్నాయి. తను చూసిన బావులన్నిట్లోకీ ఇదే ఎక్కువట. చిన్న కాగితం మీద అంకె వేసి ఇచ్చాడు. సంతకం పెట్టనన్నాడు, పెడితే ఉద్యోగం పోతుంది. ఆ కాగితం పట్టుకుని నాలుగు ఆఫీసులు తిరిగాను. ఇద్దరు హైదరాబాదుకు రాసుకోమన్నారు. ఒకాయన, మీ ఊరి నీళ్ళు మంచివని మీరే రాసిచ్చారు కదయ్యా అన్నాడు. అయిదు బావుల పని మొదలయింది, ఆరో బావికి ఎవరికీ అధికారం లేదట.

హైదరాబాదుకు రాశాను. నాలాంటివాడి ఉత్తరం ఎవరు చదువుతారు? అయినా రాశాను.

అక్కా, నాయనకు మాత్రం చెప్పవద్దు. అమ్మ కూడా ఆ నీళ్ళతోనే అట్లా అయిందని ఆయనకు తెలిస్తే తట్టుకోలేడు. తనంతట తను ఏమీ చేయలేని వయసులో ఆ మాట ఎందుకు? ఒట్టు పెట్టి అడుగుతున్నాను.

ప్రకాశం.


బోడిమిట్టపల్లె,
20-11-1956.

తమ్ముడు ప్రకాశానికి,

నీ మాట నిలబెట్టలేకపోయాను. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆయన చెంబు ఎత్తినప్పుడల్లా నా చెయ్యి ముందుకు పోతోంది. పిల్లలకు నీళ్ళు పోస్తూ మధ్యలో ఆగిపోతున్నాను. నాయన మెడ తిప్పలేడు కానీ, అన్నీ కనిపెడతాడు. ఈ నెల ఒకటిన కొత్త రాష్ట్రమని బడిలో పిల్లలకు పిప్పరమెంట్లు పంచి ఇంటికి వస్తే, "ఆ సీసా సంగతి తేలిందా?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. చెప్పేశాను, అంతా.

ఆయన ఏడవలేదు. "బతికినన్నాళ్ళూ మీయమ్మకు నేనే చేది పోస్తి గదమ్మా" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "రెడ్ల బాయి కాడ నిలబడుకోనే ఉండింటే బతికేదేమో" అన్నాడు. అట్లా అనవద్దు నాయనా అన్నాను.

మరుసటి రోజు పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని రెడ్ల బావికి పోయాడు. గురమ్మకు, మిగతా ముసలివాళ్ళకు రోజుకు ఒక్క బిందె అడుగుతానన్నాడు. వద్దంటే వినలేదు, నేను వెనకే పోయాను. వెంకటలక్ష్మమ్మ బద్వేలులో కూతురి దగ్గరకు పోయిందట. ఆమె పెద్దకొడుకు ఉన్నాడు. నాయన నిలబడి అడిగాడు. అతను, "అడిగేటోనివి తల దించి అడుగు" అన్నాడు. "దిగదు సామీ" అన్నాడు నాయన. "దిగదా? మా బాయి కాడికొచ్చి నీ తల దిగదా?" అన్నాడు అతను. నాయన నిజంగానే ప్రయత్నించాడు ప్రకాశం. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు వచ్చాయి, గడ్డం వెంట్రుకవాసి కదలలేదు. అతనికి అది ఇంకా పొగరుగా కనపడింది. జబ్బు సామీ, డాక్టర్లే రాసుకున్నారు అని నేను చెప్పాను. "యాడ రాసినారు, సూపీ" అన్నాడు. నా దగ్గర ఏముంది చూపించడానికి?

నాయన ఖాళీ బిందెతో తిరిగి వచ్చాడు. ఆ బిందె నేను తీసుకుని మళ్ళీ పోయాను. తల వంచుకుని నిలబడ్డాను. నాకింకా వంగుతుంది. మధ్యాహ్నానికి ఒక బిందె పోశారు. ఇప్పుడు రోజూ బడి వదలగానే పోతున్నాను. ఒక్కో రోజు పోస్తారు, ఒక్కో రోజు పొయ్యరు. పోసిన రోజు ముసలివాళ్ళకు మనిషికొక చెంబు వస్తుంది. పాలెంలో అరవై ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు, వాళ్ళంతా మన బావే తాగుతున్నారు. తాగవద్దని ఇంటింటికీ చెప్పాను. మరి ఏం తాగమంటావు పంతులమ్మా అని అడిగారు.

నాయన తన చెంబు ముట్టడు. "నాది గురమ్మకు పొయ్యి. నా ఎముకల్లో ఇంగ చెడేదేముండాది" అంటాడు. తన బావి నీళ్ళే తాగుతాడు. పొద్దస్తమానం బావిగట్టు మీద కూర్చుంటున్నాడు. లోపలికి తొంగి చూద్దామంటే మెడ వంగదు. ఎదురుగా చూస్తూ ఉంటాడు. నీళ్ళకు ఎవరు వచ్చినా, "కొంచెమే తీసుకోండమ్మా" అంటాడు.

హైదరాబాదు నుంచి జవాబు వచ్చిందా? రాకపోతే మళ్ళీ రాయి. నా పేరుతో కూడా రాయి, ముందు రాసిన సాక్ష్యం తప్పని, నేను అడగాల్సినట్టు అడగలేదని రాయి.

ఈ నాలుగు పేజీలు రాసేసరికి గొంతు ఎండిపోయింది. ఈ రోజు రెడ్లు పొయ్యలేదు. లేచి వెళ్ళి మన బావి నీళ్ళే ఒక చెంబు తాగి వచ్చాను. చల్లగా ఉన్నాయి.

అక్క,
విశ్వాసమ్మ.